ముకుందన్ కొలిచిన ఇడ్లీలు

పుదుచ్చేరి నటేశన్ నగర్‌లో ఇడ్లీ పిండి అమ్మే ఇళ్ళు చాలానే ఉన్నాయి గానీ, ఇడ్లీ ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచే మనిషి మాత్రం ముకుందన్ ఒక్కడే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో కనిపిస్తాడు. ఆ చొక్కా జేబులో పెన్నుతో పాటు శుభ్రంగా గీకిన కొబ్బరి ఈనె ముక్క ఒకటి ఉంటుంది. ఆ ఈనె ఎందుకో తెలియాలంటే మిల్లు రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

ముకుందన్ తండ్రి బట్టల మిల్లులో నూలు కండెలు మార్చే పని చేసేవాడు. ఇంట్లో తెలుగు, గేటు దాటితే తమిళం. పిల్లలకు తెలుగు మాటలు వచ్చాయి గానీ అక్షరాలు రాలేదు. ముకుందన్ పదో తరగతి గట్టెక్కాక తండ్రి అతన్ని అదే మిల్లుకు తీసుకుపోయాడు. మగ్గాల హోరులో కాకుండా, ఒక మూల గదిలో ఉన్న నూలు పరీక్ష విభాగంలో పని దొరికింది. అక్కడ దొరైస్వామి అనే పెద్దాయన ఉండేవాడు. రోజూ కొన్ని కండెలు తెప్పించి, వాటి నూలును చిలపలుగా, అంటే కొలిచిన చుట్టలుగా చుట్టి, తూచి, తెగేదాకా లాగి, వచ్చిన అంకెలన్నీ కాగితం మీద వేయించేవాడు. సగటు కట్టగానే ముకుందన్ పెన్ను కింద పెడితే ఊరుకునేవాడు కాదు.

"సగటు చూసి మురిసిపోవద్దు నాయనా. ఒక కండె లావు, ఒక కండె సన్నం. రెండూ కలిపితే సగటు బ్రహ్మాండంగా ఉంటుంది. మగ్గం మీద మాత్రం టపటపా తెగిపోతుంది. ఎగుడుదిగుడు ఎంతో కట్టు" అనేవాడు.

ఆ ఎగుడుదిగుడు లెక్కనే పుస్తకాల్లో ప్రామాణిక విచలనం అంటారు. మిల్లులో అందరూ 'ఎస్.డి.' అనేవారు. ప్రతి అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో చూడాలి. ఆ దూరాలను వర్గం చేసి కూడాలి, భాగించాలి, వర్గమూలం తీయాలి. ముకుందన్‌కు ఆ లెక్క మీద మనసు పడింది. పెళ్ళయిన కొత్తలో పంకజవల్లి వేసిన దోసెలను వరసగా పేర్చి, "సగటు బాగుండాది వల్లీ, ఎస్.డి.నే కొంచెం జాస్తి" అన్నాడు. ఎస్.డి. అంటే ఏందో ఆమెకు తెలియదు. కానీ అది మెచ్చుకోలు కాదని తెలిసింది. ఆ పూట అతనికి చట్నీ వేయలేదు.

మిల్లు మూతపడింది. గేటు ముందు కొన్నాళ్ళు టెంటు వేశారు, తర్వాత టెంటు కూడా తీసేశారు. ముకుందన్ ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా కూర్చున్నాడు, ఒక మందుల కొట్టులో పెట్టెలు సర్దాడు. ఏ పనిలోనూ కుదురుకోలేదు. ఇల్లు నిలబెట్టింది పంకజవల్లే. వరండాలో పెద్ద గ్రైండర్ ఒకటి వేయించి ఇడ్లీ పిండి అమ్మడం మొదలుపెట్టింది. పుదుచ్చేరిలో తెలుగువాళ్ళు కూడా ఆ పిండిని 'మావు' అనే అంటారు. ఏడాది తిరక్కుండా 'వల్లక్క మావు' అంటే వీధి చివరిదాకా తెలిసింది. ముకుందన్ బియ్యం బస్తాలు దించేవాడు, గ్రైండర్ కడిగేవాడు, తూకం వేసేవాడు. పని ఉంది గానీ కొలవడానికి ఏమీ లేదు. మనిషి కొంచెం చిన్నబోయినట్టే ఉండేవాడు.

అలా ఉండగా ఒకరోజు ఎదురింటి కాళియమ్మ పిడి ఉన్న తూక్కు గిన్నె పట్టుకొని వచ్చి మామూలుగా ఒక మాట అనేసింది.

"అక్కా, నిన్న ఇడ్లీ కొంచెం గట్టిగా వచ్చింది."

"కొత్త బియ్యం కదా, అట్లానే ఉంటాది" అంది పంకజవల్లి.

"మొన్న దూదిలాగా ఉండె. అందుకే అడిగినా."

గ్రైండర్ కడుగుతున్న ముకుందన్ చెవులు నిక్కపొడుచుకున్నాయి. మొన్న దూది, నిన్న గట్టి. ఎన్నో ఏళ్ళ తర్వాత అతని చెవిన పడిన ఎగుడుదిగుడు అది.

ఆ ఆదివారం గాంధీ వీధి సంతకు పోయి పాత సామాన్ల మధ్య వెతికి ఒక వెర్నియర్ కొలబద్ద తెచ్చుకున్నాడు. ఇడ్లీని దాని దవడల మధ్య పెట్టి నొక్కితే ఇడ్లీ అణిగిపోతుంది. అందుకని కొబ్బరి ఈనెను ఇడ్లీ నడిమధ్యన గుచ్చి, తడి ఎక్కడిదాకా వచ్చిందో గోటితో గుర్తుపెట్టి, ఆ గుర్తు దాకా వెర్నియర్‌తో కొలిచేవాడు. పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. అన్నీ ఆ రోజు అమ్మే బక్కెట్టులోని పిండివే. కొలిచినదాన్ని పారేయడం పాపం కాబట్టి తనే తినేవాడు. కొలతను వంటింటి కాలెండరు గడిలో రాసేవాడు.

"ఏంది ఈ పిచ్చి?" అని పంకజవల్లి నవ్వింది.

"పిచ్చి కాదు. క్వాలిటీ."

ఇంకో సంగతి కూడా ఉంది. పిండిలో రాళ్ళుప్పు వేసి చేత్తో కలిపే పని మొదట్నించీ పంకజవల్లిదే. కలిపే చేతిని బట్టే పిండి పొంగుతుందని ఆ వీధిలో అందరికీ గట్టి నమ్మకం. కొంతకాలంగా ఆమెకు కుడి భుజం పట్టేస్తూ ఉండడంతో, నొప్పి ఉన్న రోజుల్లో ముకుందన్ కలిపేవాడు. కాబట్టి ఎవరు కలిపారన్నది కూడా రాసి పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె కలిపితే 'వ', తను కలిపితే 'ము', తమిళ అక్షరాల్లో.

వాళ్ళ కూతురు అర్చిత ఒక ఆఫీసులో డేటా పని చేస్తుంది. ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చింది. తండ్రికి స్ప్రెడ్‌షీట్ తెరవడం, గడుల్లో అంకెలు కొట్టడం నేర్పింది. కాలెండరు గడుల్లోని కొలతలన్నీ ముకుందన్ అందులోకి ఎక్కించాడు. ఒక్కో రోజుకు ఒక్కో వరస. మొదటి నిలువు వరసలో తేదీ, రెండో దాంట్లో 'వ' గానీ 'ము' గానీ, ఆ పక్కన పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎత్తులు. వేళ్ళు తడబడుతున్నా, మిల్లులో కూర్చున్నట్టే నిటారుగా కూర్చొని కొట్టాడు.

"ఇప్పుడు మీ అమ్మది వేరుగా, నాది వేరుగా ఎస్.డి. కావాల" అన్నాడు కూతురితో.

"సగటుకైతే షరతు పెట్టి కట్టే ఫార్ములా రెడీగా ఉండాది నాయనా. ఒక్కో కాలమ్‌కు పెట్టేసుకో. ఎస్.డి.కి అట్లాంటిది లేదు. 'ఇట్లా అయితే ఇది తీసుకో' అనే ఫార్ములాను దానిలోపల దూర్చాల. మూడు కాలమ్‌లూ ఒకేసారి పట్టాల. యూట్యూబ్‌లో ఉంటాది చూడు, నాకు బస్సు వచ్చేస్తుంది."

ముకుందన్ చూశాడు. ఆపి ఆపి చూశాడు. బ్రాకెట్ ఒకటి ఎక్కువైతే కంప్యూటర్ కసిరేది, తక్కువైతే మళ్ళీ కసిరేది. రెండో నిలువు వరసలో 'వ' ఉంటే ఆ అడ్డ వరసలోని మూడు ఎత్తులనూ తీసుకో, అలా తీసుకున్నవాటన్నిటికీ కలిపి ఎస్.డి. కట్టు. ఇంతే మాట. ఆ మాటను కంప్యూటర్ భాషలో చెప్పడానికి అతనికి వారం పట్టింది. చివరికి ఒక పొద్దున కసరకుండా అంకె వచ్చింది. పళ్ళు తోముకుంటున్న అర్చిత తొంగి చూసి, నోట్లో నురగతోనే "సూపర్ నాయనా" అంది.

ఇద్దరి సగటూ దాదాపు ఒకటే. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర్లో. కానీ ఎస్.డి. చూస్తే ముకుందన్‌ది ఒకటి కూడా లేదు. పంకజవల్లిది ఆరు దాటింది.

ముకుందన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆరు అంటే మాటలు కాదు. మిల్లులో నూలుకు ఇలాంటి అంకె వస్తే దొరైస్వామి మొదట కొలిచినవాడిని అనుమానించేవాడు, తర్వాత మిషన్ని, ఆ తర్వాతే నూలును. ముకుందన్‌కు ఆ వరస గుర్తు రాలేదు. ఒకటి కూడా లేని తన అంకె మీదే కళ్ళు నిలిచిపోయాయి. మిల్లు పోయిన దగ్గర్నించి అతని గురించి ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు మరి.

ఆ మాట తనలోనే ఉంచుకొని ఉంటే సరిపోయేది. వరండాలో పిండి కోసం కాళియమ్మ, వీధి మొదట్లో టిఫిన్ బండి పెట్టే అంగమ్మాళ్, ఇంకా ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ముకుందన్ బయటికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"కాళియమ్మా, నువ్వు ఆ పొద్దు చెప్పినావే, ఒకరోజు దూది, ఒకరోజు గట్టి అని. కారణం దొరికింది. వల్లి చెయ్యి నిలకడ లేదు. లెక్క కట్టి చెప్తా ఉండా. సగటు ఇద్దరిదీ ఒకటే, ఎగుడుదిగుడు మాత్రం ఆమెది ఆరు రెట్ల పైన."

పంకజవల్లి గరిటె బక్కెట్టులోనే ఉంచి తల పైకెత్తింది.

"ఏ పొద్దు?" అని అడిగింది.

"ఏ పొద్దు ఏంది, మొత్తానికి."

"మొత్తానికి కాదు. నేను కలిపిన మావు ఏ పొద్దు అంత దిగిపోయింది? ఒక్క ఇడ్లీ చెప్పండి. మీరే కదా తిన్నారు అన్నీ."

ముకుందన్ నోరు తెరిచాడు. అంత అణిగిపోయిన ఇడ్లీ తిన్నట్టు అతనికీ గుర్తు లేదు. "అట్లా ఒక్కో ఇడ్లీ చూడకూడదు. లెక్కలో వస్తాది" అన్నాడు.

"సరి" అంది పంకజవల్లి. అరవలేదు, ఏడవలేదు. ఉప్పు జాడీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "అయితే ఇంక మీరే కలపండి. నాకు భుజం నొప్పి కూడా తగ్గుతాది."

మరుసటి రోజు వీరాంపట్టినంలో ఉన్న అక్క ఇంటికి బయలుదేరింది. తమిళుల ఆడి మాసం, అమ్మవారి తేరు పండుగ దగ్గరపడుతోంది. ఏటా ఆ వారమే పిండికి గిరాకీ ఎక్కువ కాబట్టి ఆమె ఎన్నడూ ముందుగా వెళ్ళింది లేదు. ఈసారి రెండు మంచి చీరలు, నొప్పికి రాసుకునే తైలం సంచిలో వేసుకొని, "తేరు చూసి వస్తా" అని బస్సెక్కింది.

ముకుందన్ రాజ్యం మొదలైంది. బియ్యం, మినప్పప్పు, మెంతులు అన్నీ తూచి పోశాడు. ఉప్పు కూడా తూచాడు. కలిపేటప్పుడు చెయ్యి ఎన్నిసార్లు తిరగాలో మనసులో అనుకొని అన్నిసార్లే తిప్పాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇడ్లీలు కవలపిల్లల్లా వచ్చాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క గడి కూడా వదలకుండా నిండుతోంది. ఎస్.డి. ఇంకా తగ్గింది.

పిండి మాత్రం మిగిలిపోతోంది.

మొదట తేరు హడావుడి అనుకున్నాడు. ఈ ఏడు జనం ముందుగానే అటు పోయారేమో. కానీ రోజూ సాయంత్రం బక్కెట్టులో గరిటె మునిగేంత పిండి ఉండిపోతోంది. అంగమ్మాళ్ బండికి తీసుకునేది సగం చేసింది. ఎందుకని అడిగితే, తన తమిళంలో, పిండి నల్లదీ కాదు పుల్లదీ కాదు, ఏ వంకా లేదని చెప్పి, అయినా సగం తూక్కుతోనే వెళ్ళిపోయింది. కాళియమ్మను అడిగాడు.

"మావు ఎట్లుండాది కాళియమ్మా?"

"బాగుండాదన్నా. తప్పేమీ లేదు."

"మరి తక్కువ తీసుకుంటా ఉండావే?"

"తప్పేమీ లేదంటా ఉండా కదన్నా" అంటూ ఆమె ఇంట్లోకి పోయింది.

మిగిలిన పిండితో అర్చితకు మూడు పూటలా దోసెలే. నాలుగో రోజు ఆమె కంచం ముందు కూర్చొని, "నాయనా, అమ్మ ఎప్పుడు వస్తుంది?" అని అడిగింది. ఆ అడగడంలో అమ్మ మీద బెంగ ఎంతో, దోసెల మీద విసుగు ఎంతో అతనికి అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలి కరెంటు పోయింది. గ్రైండర్ ఆగింది, ఫ్యాను ఆగింది, కంప్యూటర్ ఆగింది. సాయంత్రానికి గాని రాదన్నారు. ముకుందన్‌కు కూర్చుంటే తోచలేదు. వంటింటి కాలెండరు తీసి ఒళ్ళో పెట్టుకొని, అర్చిత పాత క్యాలిక్యులేటర్ వెతికి తెచ్చుకొని, ఒక తెల్లకాగితం మీద మిల్లులో వేసినట్టే గీతలు గీసుకున్నాడు. చేతి లెక్క మరిచిపోయానేమో చూద్దామని తప్ప వేరే ఉద్దేశం లేదు. సరదాగా పంకజవల్లి అంకెలు ముందు తీసుకున్నాడు.

ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. మరుసటి రోజు ముప్పై, ఇరవై తొమ్మిది, సాయంత్రం గడిలో అడ్డగీత. అడ్డగీత అంటే ఆ సాయంత్రం కొలవలేదని. అతని చెయ్యి దాన్ని దాటేసి తర్వాతి అంకెకు వెళ్ళిపోయింది. మిల్లులో చిలప జారిపోయి పరీక్ష జరగకపోతే అలాగే గీత గీసి దాటేసేవారు. అలా కొన్నిచోట్ల గీతలు వచ్చాయి, కొన్నిచోట్ల దాటాడు. చమట తుడుచుకుంటూ వర్గాలు కట్టాడు, కూడాడు, భాగించాడు, వర్గమూలం నొక్కాడు.

ఒకటిన్నర కూడా రాలేదు.

చెయ్యి తప్పింది అనుకున్నాడు. ఇంకో కాగితం తీసుకొని మొదట్నించీ వేశాడు. మళ్ళీ అదే.

కరెంటు వచ్చేదాకా ఆ వరండాలో అటూ ఇటూ నడిచాడు. రాగానే ఫ్యాను కూడా వేయకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక కొత్త షీట్ తెరిచి, నాలుగు ఇరవై ఎనిమిదులు కొట్టి, అదే ఫార్ములా పెట్టాడు. సున్నా వచ్చింది, సరే. అడ్డగీతల చోట తను ఖాళీగా వదిలిన గడులు గుర్తొచ్చి, ఒక ఇరవై ఎనిమిదిని చెరిపేశాడు. ఉన్నవి మూడూ ఒకటే అంకె కాబట్టి మళ్ళీ సున్నానే రావాలి. రాలేదు. అంకె ఒక్క దూకు దూకి పద్నాలుగు దగ్గర కూర్చుంది.

అప్పుడు తెలిసింది. ఖాళీ గడి నిజంగా ఖాళీగా ఉంటే ఎస్.డి. దాన్ని వదిలేస్తుంది. కానీ తను లోపల దూర్చిన ఆ 'ఇట్లా అయితే' ఫార్ములా, ఖాళీ గడిని ఎత్తుకొచ్చి సున్నాగా చేతికిస్తోంది. కొలవని ఇడ్లీని ఎత్తే లేని ఇడ్లీగా లెక్కకడుతోంది. సగటును ఖాళీలను వదిలేసే వేరే ఫార్ములాతో కట్టాడు కాబట్టి అక్కడ ఏ తేడా కనబడలేదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. కానీ ముకుందన్‌కు ఇంకో ప్రశ్న తట్టింది. అసలు ఆ సాయంత్రాలు ఎందుకు కొలవలేదు? జవాబు వెతకాల్సిన పని లేదు. పిండి లేదు కాబట్టి. పంకజవల్లి కలిపిన రోజుల్లో సాయంత్రానికి అప్పుడప్పుడు బక్కెట్టు ఖాళీ. గోడకు బోర్లించి ఆరబెట్టిన బక్కెట్టు అతనికి కళ్ళ ముందు కనబడింది. తన వరసలో ఒక్క అడ్డగీత కూడా లేదు. ఎందుకంటే తన పిండి ఎప్పుడూ మిగిలే ఉండేది.

అందరూ ఎగబడి కొనుక్కుపోయిన రోజులనే ఆమె తప్పులుగా కట్టాడు. పైగా నలుగురిలో నిలబడి చెప్పాడు.

ఫార్ములాలో ఇంకో షరతు చేర్చాడు. 'వ' ఉండాలి, గడి ఖాళీగా ఉండకూడదు, రెండూ నిజమైతేనే తీసుకో. చేతి లెక్కలో వచ్చిన అంకే తెర మీద వచ్చింది. అర్చిత ఆఫీసు నుంచి రాగానే చూపించాడు. ఆమె నవ్వబోయి తండ్రి మొహం చూసి ఆపుకుంది.

"నేను కూడా సరిగ్గా చూళ్ళేదు నాయనా."

"నువ్వు పళ్ళు తోముకుంటా ఉండావు. నేను కాదే."

"ఫోన్ చెయ్యి అమ్మకు."

"ఫోన్లో చెప్పే సంగతి కాదు" అన్నాడు. "రేపు మావు నువ్వు చూసుకో."

వీరాంపట్టినం బస్సు తేరుకు పోయే జనంతో కిటకిటలాడుతోంది. ముకుందన్ ఒంటికాలి మీద నిలబడే వెళ్ళాడు. ఊళ్ళోకి దిగేసరికి రోడ్డుకు రెండువైపులా గాజుల కొట్లు, మరమరాల పొరి ఉండల కొట్లు, మైకుల్లో అమ్మవారి పాటలు, వాటన్నిటి మీదుగా ఎండుచేపల వాసన, సముద్రపు గాలి. వదినగారి ఇంటి ముందు పందిరి కింద పంకజవల్లి కాళ్ళు చాపుకొని కూర్చొని మల్లెల్లాంటి ముల్లైపూలు కడుతోంది. భుజం మీద తైలం మెరుస్తోంది. ఆమె అంత తీరిగ్గా కూర్చోవడం అతను చూసి ఎన్నేళ్ళయిందో.

"వచ్చినారా" అంది, దారం తెంపకుండా. "మావు ఎవరు చూస్తా ఉండారు?"

"అర్చిత."

"దానికి ఉప్పెంతో తెలుసా?"

"తెలీదు. వల్లీ, లెక్క తప్పు."

ఆమె చేతులు ఆగాయి. ముకుందన్ పందిరి గుంజకు ఆనుకొని నిలబడి మొత్తం చెప్పాడు. ఖాళీ గడి సంగతి, సున్నా సంగతి, కరెంటు పోయిన సంగతి. పిండి అయిపోయిన సాయంత్రాల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"నీ మావు మిగల్లేదు కాబట్టి నేను కొలవలేదు. కొలవలేదు కాబట్టి నిలకడ లేదన్నా. నలుగురిలో అన్నా. నాదే తప్పు."

పంకజవల్లి పూలు పక్కన పెట్టింది.

"ఆ పొద్దు నాకు ఎట్లా అయిందో తెలుసా? మావు గురించి కాదు. ఇన్నేళ్ళు నా చేతి కూడు తిన్న మనిషి, 'ఒక్క ఇడ్లీ చెప్పండి' అంటే మీ నాలుక్కు గుర్తుండేది చెప్పకుండా, లోపల ఆ డబ్బా చెప్పింది చెప్పినారు."

"నాలుక్కు అట్లా ఏమీ గుర్తు లేదు వల్లీ. అన్నీ బాగుండె."

"అది ఆ పొద్దే చెప్పుంటే?"

లోపల్నించి వదిన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. నీళ్ళు తాగాక పంకజవల్లే అడిగింది.

"సరే, ఇప్పుడు నిజమైన లెక్కేంది?"

ముకుందన్ తటపటాయించాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు, మరీ ఎస్.డి. గురించి అసలే చేతకాదు.

"నీది ఒకటిన్నరకు కొంచెం తక్కువ. నాది ఒకటికి కొంచెం తక్కువ."

"అంటే ఇప్పుడు కూడా మీదే మేలా?"

"ఎగుడుదిగుడులో... అవును. ఒక పిసరు."

పంకజవల్లి అతన్ని కిందనించి పైదాకా చూసింది. "ఇది చెప్పడానికి ఆ జనంలో బస్సెక్కి వచ్చినారా?" అని, పకపకా నవ్వేసింది. లోపల వదిన కూడా నవ్వింది, అంటే అంతసేపూ వింటూనే ఉందన్నమాట. "పోనీ, ఆ పిసరు మీకే ఇచ్చేసినా, ఉంచుకోండి. రండి, కూర్చోండి. కూళు తాగుతారా?"

కూళు అంటే ఆడి మాసంలో కాచే రాగి అంబలి, అది తాగాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి తేరు చూశారు. జనంలో ఆమె చెయ్యి పట్టుకొని నడిచాడు గానీ ఇంటికి రమ్మని అడగలేదు. ఆమె కూడా రెండు రోజులుండి వస్తానంది. విశ్రాంతి రుచి తెలిసింది ఆమెకు.

రెండు రోజుల తర్వాత పంకజవల్లి వచ్చింది. ఆ రాత్రి పిండి తనే కలిపింది. మర్నాడు పొద్దున వరండాలో మళ్ళీ అదే జనం. ఆమె గరిటె పట్టుకొని నిలబడి భర్త వైపు ఊరికే చూసింది. ముకుందన్ ముందుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, గొంతు సవరించుకోవడం, అంతా మొదటిసారి లాగే.

"అందరికీ ఒక మాట. ఆ పొద్దు వల్లి చెయ్యి నిలకడ లేదన్నా. అది తప్పు. ఆమె మావు సాయంత్రానికి అయిపోతా ఉండె. కొలవడానికి లేకుండా పోయిన దాన్ని నేను సున్నా అని కట్టేసినా. ఆమె చెయ్యి నిలకడ బాగానే ఉండాది."

"ఆ లెక్కంతా మాకేం తెలుసన్నా" అంది కాళియమ్మ, గిన్నె ముందుకు చాపుతూ. "ఈ పొద్దు మావు కలిపింది అక్కే కదా? అయితే ఇంకో గరిటె వెయ్యి."

అంగమ్మాళ్ మాత్రం ఎవరూ అనుకోని మాట అంది. ఇడ్లీకి వల్లక్క పిండే కావాలి, కానీ దోసెకు ముకుందన్ అన్న కలిపిందే బాగుంది, ఎందుకంటే అది పెనం మీద రోజూ ఒకేలా పరుచుకుంటుంది, చిరగదు అని. సగం మానేసింది ఇడ్లీ కోసమట, మిగతా సగం తీసుకుంటూనే ఉన్నది దోసెల కోసమట. ముకుందన్‌కు ఎన్నో ఏళ్ళ తర్వాత జీతం పెరిగినంత సంతోషం వేసింది. బయటికి కనపడకుండా బక్కెట్టు మూత సర్దాడు.

అప్పటినించీ వాళ్ళ వరండాలో రెండు బక్కెట్లు. ఇడ్లీకి ఆమె కలిపింది, దోసెకు అతను కలిపింది. ముకుందన్ కొలతలు మానలేదు. సరిచేసిన ఫార్ములాలో రకరకాల షరతులు పెట్టి చూస్తున్నాడు. ఉక్కపోత రోజులను విడదీసి చూస్తే, ఎవరు కలిపినా ఎగుడుదిగుడంతా సాయంత్రం వరసలోనే ఉందని తేలింది. బక్కెట్లను నీళ్ళ తొట్టిలో పెట్టమని చెప్పాడు. పంకజవల్లి పెట్టింది, పనిచేసింది. ఆమె ఆ మాట కాళియమ్మతో చెప్పింది కూడా, భర్త వినేటట్టుగానే. వారానికి ఒకరోజు మాత్రం ఆమె ఏ బక్కెట్టూ ముట్టదు. ఆ రోజు బస్సెక్కి వీరాంపట్టినం పోతుంది.

మొన్న మేడ మీద కొత్తగా అద్దెకు దిగిన కార్తిక అనే అమ్మాయి ఆఫీసు బ్యాగు తగిలించుకొని పిండి కోసం వచ్చింది. రెండు బక్కెట్లూ చూసి ఏది తీసుకోవాలో తేలక నిలబడింది. పక్కనే కుర్చీలో ఉన్న ముకుందన్ గొంతు సవరించుకోవడం విని పంకజవల్లి గబుక్కున చెప్పేసింది.

"ఇడ్లీకైతే ఇది తీసుకోమ్మా, దోసెకైతే అది. తేడా ఏందని మాత్రం ఆయన్ని అడగొద్దు. ఆఫీసుకు లేటయిపోతాది."